నిద్ర పట్టని రాత్రికి 13వ కీర్తన

స్కాన్ రిపోర్టు కోసమో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న కబురు కోసమో టెన్షన్‌తో నిద్ర పట్టనప్పుడు బైబిల్ ఎక్కడ తెరవాలో తోచదు. చాలామంది 91వ కీర్తన తీస్తారు, మంచిదే. నేనైతే ముందు 13వ కీర్తన చదవమంటాను. ఆరే వచనాలు. మొదటి రెండింట్లో దావీదు ‘ఇంకెన్నాళ్లు’ అని మళ్లీ మళ్లీ దేవుణ్ణే నిలదీస్తాడు. అక్కడ ఆగి, మీ భయమేమిటో పైకే చెప్పేయండి. దాచుకోనక్కర్లేదు, దావీదూ దాచుకోలేదు. తర్వాత 5వ వచనం చూడండి. శత్రువు ఇంకా పోలేదు, కష్టం తీరినట్టు ఎక్కడా లేదు, అయినా నీ కృపనే నమ్ముకున్నానంటాడు. ఆ ఒక్క వచనం చీటీ మీద రాసి రిపోర్టుల ఫైల్లో పెట్టుకోండి. ఆస్పత్రిలో టోకెన్ నంబరు పిలిచేదాకా ఫోన్‌లో జబ్బు గురించి వెతికే బదులు అది చదువుకోవచ్చు.