అలైడ్ హెల్త్ డిగ్రీలో చేరే ముందు కోర్సును పరీక్షించడం ఎలా?

ఎక్స్-రే విభాగంలో పనిచేస్తూ, పోస్టింగులకు, అంటే ఆసుపత్రి శిక్షణకు, వచ్చే అలైడ్ హెల్త్ (డాక్టర్, నర్సు కాకుండా ఫిజియోథెరపీ, ఎక్స్-రే, ల్యాబ్ లాంటి ఆరోగ్య వృత్తుల) డిగ్రీ విద్యార్థులకు పని నేర్పుతూ చాలా ఏళ్లయింది. ప్రతి బ్యాచ్‌లోనూ అదే తప్పు కనిపిస్తుంది. పేరు గొప్పగా ఉందని కోర్సులో చేరిపోతారు, అది ఏ ఉద్యోగానికి పనికొస్తుందో చివరి ఏడాదిలో అడుగుతారు. ఆ ప్రశ్న చేరకముందు అడగాలి.

కావలసినవి: మార్కుల జాబితాలు, ఒక నోటుబుక్కు, పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు. నాలుగు కాలేజీలు తిరిగేసరికి ఎవరు ఏం చెప్పారో అంతా కలగాపులగం అవుతుంది.

1. ముందు పని ఎంచుకోండి, కోర్సు తర్వాత. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పేది), స్పీచ్ థెరపీ అయితే ఒకే మనిషితో వారాల తరబడి ఓపిగ్గా కూర్చోవాలి. ఎక్స్-రేలు తీసే రేడియోగ్రఫీలో ఒక్కో రోగి మన దగ్గర ఉండేది కొన్ని నిమిషాలే. ల్యాబ్‌లో రోగి ముఖం కన్నా నమూనాలే ఎక్కువ కనిపిస్తాయి. పర్‌ఫ్యూజనిస్ట్ అయితే గుండె ఆపరేషన్‌లో హార్ట్-లంగ్ మెషీన్ మీద నుంచి చూపు తిప్పడానికి లేదు. మీకు ఏది సరిపోతుందో ఆన్‌లైన్ క్విజ్‌లు చెప్పలేవు. అనుమతి తీసుకుని ఒక పూట ఆ విభాగంలో ఓ మూల నిలబడి చూడండి, అదీ బాగా రద్దీగా ఉన్న పూట. ఖాళీగా ఉన్నప్పుడు ఏ ఉద్యోగమైనా బాగానే కనిపిస్తుంది.

2. అర్హత చూసుకోండి. బయాలజీ చాలాచోట్ల అడుగుతారు, ఇమేజింగ్‌కు (ఎక్స్-రే, స్కానింగ్ పనికి) ఫిజిక్స్ కూడా బాగా రావాలి. ఇది పది నిమిషాల పని.

3. రిజిస్ట్రేషన్, అంటే ఆ వృత్తి చేయడానికి నియంత్రణ సంస్థలో పేరు నమోదు, వస్తుందో లేదో తేల్చుకోండి. దయచేసి ఇక్కడ తొందరపడకండి. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు వృత్తి నియంత్రణ సంస్థ ఆమోదం ఉండటం వేరు. డిగ్రీ పట్టా చేతికొచ్చినా రిజిస్ట్రేషన్ రాకపోతే చాలా దేశాల్లో ఆ పని చేయనివ్వరు. బ్రిటన్‌లో ఇలాంటి 15 వృత్తులను హెచ్‌సీపీసీ (హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్) అనే సంస్థ నియంత్రిస్తుంది. అందులో రిజిస్టర్ కానివాళ్లు ఫిజియోథెరపిస్ట్ అనో రేడియోగ్రాఫర్ అనో చెప్పుకోవడమే నేరం. నా దగ్గర పోస్టింగ్ చేసిన ఒక అమ్మాయి, చురుకైన పిల్ల, మూడేళ్లు చదివాక తన కోర్సు ఆమోదం పొందిన కోర్సుల జాబితాలోనే లేదని తెలుసుకుంది. ఆ రోజు ఆమె ముఖం నాకింకా గుర్తుంది.

అందుకే కాలేజీ బ్రోషర్‌ను పక్కనపెట్టి, మీరు పనిచేయాలనుకుంటున్న చోటి నియంత్రణ సంస్థ జాబితాను మీరే తెరవండి. డిగ్రీ పేరు అక్షరం అక్షరం పోల్చండి, క్యాంపస్ ఏదో చూడండి, ఆమోదం ఏ సంవత్సరం బ్యాచ్ నుంచి వర్తిస్తుందో చూడండి. "ఆమోదానికి దరఖాస్తు చేశాం, వచ్చేస్తుంది" అన్నారంటే ఇంకా రాలేదని అర్థం. నోటిమాట నమ్మకండి, రాతపూర్వకంగా అడగండి.

ఆ తర్వాత క్లినికల్ గంటలు, అంటే ఆసుపత్రుల్లో, క్లినిక్‌లలో శిక్షణ పొందే గంటలు. ఆక్యుపేషనల్ థెరపీకి ప్రపంచ సమాఖ్య డబ్ల్యూఎఫ్‌ఓటీ పెట్టిన కనీస ప్రమాణం 1000 గంటలు. స్పీచ్ థెరపీలో అమెరికా స్పీచ్, హియరింగ్ నిపుణుల సంఘం ఆషా (ASHA) ఇచ్చే సర్టిఫికెట్‌కు 400 గంటలు కావాలి, అందులో చూసి నేర్చుకునేవి 25 మాత్రమే, మిగతా 375 నేరుగా మనుషులతో చేసినవై ఉండాలి. ఈ తేడా పట్టుకోండి. చాలా కోర్సుల్లో గంటలు కాగితం మీద నిండుగా ఉంటాయి, విద్యార్థి మాత్రం గోడకు ఆనుకుని నిలబడి వెళ్లిపోతాడు.

చివరి ఏడాది విద్యార్థిని పట్టుకుని లాగ్‌బుక్ (పోస్టింగులో రోజూ చేసిన పని రాసి సంతకం పెట్టించే పుస్తకం) చూపించమనండి, రోగుల వివరాలు మీ కంటపడకుండా. "చూశాను", "సాయంతో చేశాను", "సొంతంగా చేశాను" అని వేర్వేరు గడులు ఉండాలి. ముప్పై రోజుల సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉంటే అవన్నీ ఒకేసారి పెట్టించినవని అనుమానించండి. ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఛాతీ ఎక్స్-రే తీసేటప్పుడు భుజాలు ముందుకు ఎందుకు తిప్పిస్తారు? రెక్కల ఎముకలు ఊపిరితిత్తుల మీద పడకుండా. సొంతంగా తీసిన పిల్లలు జవాబు చెబుతూనే తమ భుజాలు తిప్పి చూపిస్తారు. ల్యాబ్ విద్యార్థినైతే, ఈడీటీఏ ట్యూబులోని (రక్తం గడ్డకట్టకుండా పొటాషియం ఉన్న రసాయనం వేసిన ట్యూబు) రక్తం పొటాషియం పరీక్ష ట్యూబులో కలిస్తే ఏమవుతుందని అడగండి. పొటాషియం నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుందని జవాబు వెంటనే రావాలి.

ర్యాంకింగులు, భవనాలు, స్మార్ట్ క్లాసులు చూసి ఎంచుకోమనేవాళ్లు చాలామంది ఉంటారు. నేనైతే లాగ్‌బుక్ చూడకుండా ఎవరికీ ఏ కోర్సూ చెప్పను.

4. దరఖాస్తు చేయండి. గడువు, ఫీజు, సర్టిఫికెట్ల నకళ్లు అందరికీ తెలిసినవే.

5. సీటు వచ్చిన వారంలోనే హెపటైటిస్ బి టీకా సంగతి చూడండి. ఇంతకుముందు వేయించుకోకపోతే మామూలుగా మూడు డోసులు, మొదటిదాని తర్వాత నెలకు ఒకటి, ఆరు నెలలకు ఇంకొకటి. పోస్టింగ్ తేదీ దగ్గరపడ్డాక మొదలుపెడితే ఆ డోసులు పూర్తికావు, వార్డులోకి రానివ్వకపోవచ్చు.