జీడిపప్పు షెడ్డు నేల మీద లేచిన ఎపాక్సీ పూత: నా అనుభవం

పలాసలోని మా జీడిపప్పు షెడ్డులో కాంక్రీటు నేల మీద వేయించిన ఎపాక్సీ పూత (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలను కలిపితే ప్లాస్టిక్‌లా గట్టిపడే పూత) వానాకాలం వచ్చేసరికి బుడగలు కట్టి పెచ్చులుగా లేవసాగింది. ఒక పెచ్చును తిరగేసి చూస్తే, దాని అడుగున సిమెంటు పైపొర తెల్లటి పొడిగా అంటుకొని ఉంది. అంటే పూత గట్టిదే, దాని కింది కాంక్రీటు పైపొరే బలహీనమైనది. గట్టిపడిన ఎపాక్సీ మామూలు థిన్నరుకు కరగదు కనుక, డైమండ్ చక్రం బిగించిన గ్రైండరుతో, దుమ్మును ఎప్పటికప్పుడు వాక్యూముతో లాగిస్తూ, గరుకైన కాంక్రీటు బయటపడేదాకా అరగదీయించాను. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది కాబట్టి, ముఖానికి తువ్వాలు చుట్టుకొని పని చేస్తామంటే నేను ఒప్పుకోలేదు. అందరికీ ఎన్95 మాస్కులు తెప్పించాను.

నీటిచుక్క వేస్తే పూసలా నిలవకుండా ఇంకిపోయే వరకు అరగదీత ఆపలేదు. తర్వాత, అడుగున్నర పొడవూ అంతే వెడల్పూ ఉన్న పాలిథిన్ షీటును నాలుగంచులా టేపుతో నేలకు అంటించి, 16 గంటల తర్వాత తీసి చూసి, అడుగున చెమ్మ పట్టిన చోటును పూర్తిగా ఆరేదాకా వదిలేశాము. మా ప్రాంతపు వేడికి, కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే కాగి గడ్డకడుతుంది. అందుచేత రెజిన్‌నూ హార్డెనర్‌నూ డబ్బా మీద రాసిన పాళ్లలో కొద్దికొద్దిగా కలిపి, వెంటనే నేల మీద పోసి పరిపించాను.