ముఖంలో పిల్లలమర్రి: ప్రీమియర్ ప్రోలో డబుల్ ఎక్స్‌పోజర్

ఒక ఫొటోలో ఇంకో ఫొటో కలిసిపోయినట్టు చూపించడమే డబుల్ ఎక్స్‌పోజర్. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో, పెళ్లి వీడియో మొదట్లో పెళ్లికొడుకు ముఖంలోంచి పిల్లలమర్రి ఊడలు దిగినట్టు చూపించాలంటే, ముందు ఫొటో కుదరాలి. స్క్రీన్ అనే బ్లెండ్ మోడ్ (పై ఫొటోను కింది ఫొటోతో కలిపే పద్ధతి) లెక్క ఒక్కటే: కింది ఫొటో నల్లగా ఉన్నచోట పై ఫొటో కనబడుతుంది, తెల్లగా ఉన్నచోట కనబడదు. అందుకే ముఖం చీకటిగా, వెనక తెల్లగా ఉండాలి. సున్నం వేసిన గోడ, లేదా మబ్బు పట్టిన ఆకాశం ముందు నిలబెట్టి పక్క నుంచి తీస్తే సరిపోతుంది. తెల్లచొక్కా మాత్రం వద్దు, చెట్టు మెడ దగ్గరే ఆగిపోతుంది.

1920×1080 సీక్వెన్స్‌లో (క్లిప్పులు పేర్చే టైమ్‌లైన్) మొదటి ట్రాక్ మీద తెల్ల కలర్ మ్యాట్ (ఒకే రంగు నిండిన క్లిప్), దానిపైన ముఖం, అన్నిటికన్నా పైన చెట్టు పెట్టండి. మ్యాట్ ఎందుకంటే, నిలువు ఫొటోకు రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. ఖాళీ అంటే నలుపు, నలుపులో చెట్టు మొత్తం కనబడిపోతుంది. ఫొటోల మీద రైట్ క్లిక్ చేసి సెట్ టు ఫ్రేమ్ సైజ్ ఎంచుకోండి. స్కేల్ టు ఫ్రేమ్ సైజ్ నొక్కితే తర్వాత జూమ్ చేసినప్పుడు ఫొటో మసకబారుతుంది.

ముఖం క్లిప్‌కు లుమెట్రీలో (రంగులు సరిదిద్దే ప్యానెల్) శాచురేషన్ 0 చేసి, వేవ్‌ఫామ్‌లో (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) వెనక భాగం 100 తాకేదాకా వైట్స్ పెంచండి. కంటికి తెల్లగా కనబడితే చాలదు. 90 దగ్గర ఆగితే మనిషి పక్కన గాలిలో కొమ్మలు లీలగా తేలుతాయి.

ఇప్పుడు చెట్టు క్లిప్ పట్టుకుని ఎఫెక్ట్ కంట్రోల్స్‌లో ఒపాసిటీ కింద బ్లెండ్ మోడ్‌ను స్క్రీన్‌కు మార్చండి. చాలామంది మోడ్ జోలికి పోకుండా ఒపాసిటీ 50 చేస్తారు. రెండు ఫొటోలూ నీళ్ల మజ్జిగైపోతాయి. పొజిషన్ జరుపుతూ ఊడలు గడ్డం కిందికి, కొమ్మల గుబురు జుట్టు మీదికి వచ్చేలా చూడండి. ఆకుల సందుల్లోని ఆకాశం నుదుటి అంచు మీద పడితే తల గీత చెరిగిపోతుంది, జర పక్కకు జరపండి.

కళ్లు, ముక్కు కనబడకపోతే అది ఎవరి ముఖమో చుట్టాలకు కూడా తెలియదు. చెట్టు క్లిప్ ఒపాసిటీ కిందే కళ్లు, ముక్కు చుట్టూ గుండ్రటి మాస్క్ గీసి, అక్కడ చెట్టు కనబడకుండా ఇన్వర్టెడ్ టిక్ పెట్టి, అంచు మెత్తగా కలిసిపోయేలా ఫెదర్ 120 దాకా ఇవ్వండి.

కదలిక చెట్టుకు మాత్రమే ఇవ్వండి. స్కేల్ 40 ఉంటే 5 సెకన్లలో 43కి పోయేలా రెండు కీఫ్రేములు (ఏ క్షణంలో విలువ ఎంతుండాలో చెప్పే గుర్తులు) చాలు. సన్నటి ఊడలు మిణుకుమిణుకుమంటే మోషన్ కిందున్న యాంటీ ఫ్లికర్ ఫిల్టర్‌ను 0.5 దాకా పెంచండి.

చెట్టు బదులు గేట్లు ఎత్తిన నాగార్జునసాగర్ ఫొటో పెడితే నురగ తెలుపుకు ముఖమే మాయమవుతుంది. ఆ క్లిప్‌కు లుమెట్రీలో హైలైట్స్ -40 దాకా తగ్గించాకే స్క్రీన్ మోడ్ పెట్టండి. డావిన్చీ రిజాల్వ్‌లో ఇదే మోడ్ ఇన్‌స్పెక్టర్‌లో కంపోజిట్ కింద ఉంటుంది, ఫోన్‌లో కైన్‌మాస్టర్ అయితే లేయర్ బ్లెండింగ్‌లో దొరుకుతుంది.