మిద్దె మీది సొంత కరెంటు: తుఫాను నెలలకు ముందు

2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులై పారాయి. రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఫోను చేతిలో ఉన్నా ఛార్జింగు లేక మా ఇంట్లో పడిన అవస్థ అప్పటిదే. ఆ తరువాత మా వీధి మిద్దెల మీద పాత కారు బ్యాటరీలు, చిన్న సోలార్ ప్యానెళ్లు వెలిశాయి. మంచిదే. ఈశాన్య రుతుపవనాలు వచ్చేది అక్టోబరులో కాబట్టి, వాటి మరమ్మతులు నేల పొడిగా ఉన్నప్పుడే ముగించండి.

230 వోల్టులంటే అందరికీ భయమే. 12 వోల్టులు షాక్ కొట్టవు కాబట్టి వాటిని ఎవరూ లెక్కచేయరు. కానీ బ్యాటరీ రెండు కొనలనూ ఏ ఇనుప ముక్కో కలిపితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారుతాయి. మా బావమరిది నట్టు బిగిస్తుండగా పానా రెండో కొనకు తగిలింది. టప్‌మని నీలి మెరుపు. పానా అంచు ఎలుక కొరికినట్టు కరిగిపోయింది. ఉంగరం తగలలేదు కాబట్టి వేలు దక్కింది. అందుకే ముందు ఉంగరం, కడియం, గడియారం తీసేయండి. విప్పేటప్పుడు మొదట నెగటివ్ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర పెట్టాలి. పాజిటివ్ వైరుకు బ్యాటరీ నుంచి జానెడు లోపలే ఫ్యూజు ఉండాలి. దాన్ని బల్బు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని అంటుకున్నప్పుడు కాపాడదు.

ఛార్జింగు సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. మంచం కింద, దీపం వెలిగే దేవుడి గదిలో దానికి చోటివ్వకండి. యాసిడ్ కంట్లో పడితే పావుగంట పాటు నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నన్ను నిజంగా భయపెట్టేది మరొకటి ఉంది. తీగకు రెండు వైపులా ప్లగ్గులు బిగించి, జనరేటరు కరెంటును గోడ సాకెట్లోకి ఎక్కించే తెలివి. వీధి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ ఎదురు దిశలో కూడా పనిచేస్తుంది. మెయిన్ ఆపడం మరచిపోతే మీ 230 వోల్టులు అవతల 11,000 అవుతాయి. తుఫాను మరునాడు ఆ స్తంభం ఎక్కేది లైన్‌మన్. మెయిన్ ఆపానులే అన్న ధీమా చాలదు. లైను, జనరేటరు రెండింటిలో ఒక్కదాన్నే ఇంటికి కలిపే చేంజోవర్ స్విచ్ పెట్టించండి, లేదా బల్బులకు వేరే వైరింగు వేసుకోండి. వాన పడుతోందని పెట్రోలు జనరేటరును వరండాలోకి కూడా తేవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

లెక్క చిన్నదే. 12 వోల్టుల, 40 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 480 వాట్ అవర్లు. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. వాడుకోదగ్గ ఆ సగం, అంటే 240తో 5 వాట్ల బల్బులు రెండు ఒక రోజంతా వెలుగుతాయి. ఫ్యాను ఆశ వదులుకోండి. సైకిల్ డైనమో ఇచ్చేది 3 వాట్లు, అదీ ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు. దాన్ని ఒకే దిశకు మార్చే రెక్టిఫయర్, వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ లేకుండా ఫోనుకు తగిలించకండి. అయస్కాంతాలు తిప్పి ఉచిత కరెంటు తీస్తామనే వీడియోలకు మాత్రం ఏ జాగ్రత్తా అక్కరలేదు, అవి పనిచేయవు కాబట్టి.

ప్యానెల్‌కు స్విచ్ ఉండదు, వెలుతురు ఉన్నంతసేపు కరెంటు ఇస్తూనే ఉంటుంది. దాని ముఖం మీద గోనెపట్టా కప్పి వైర్లు తీయండి. తుఫాను హెచ్చరిక రాగానే, గాలి మొదలవకముందే దింపేయండి. పాచి పట్టిన మెట్ల మీద ప్యానెల్ ఎత్తుకుని దిగడం ఒక్కరి పని కాదు, ఇద్దరుండాలి.