వేలు పెట్టి చూపిస్తున్నాడా? పిల్లల్లో తేడా ఇంట్లోనే ఎలా గమనించాలి

మా చిన్నోడికి ఇరవై నెలలప్పుడే ఏబీసీడీలు మొత్తం వచ్చు, కార్ల బొమ్మలన్నీ రంగుల ప్రకారం వరసగా పేర్చేవాడు, ఫోన్లో యూట్యూబ్ తనే తీసేవాడు, బుర్ర పాదరసం అని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. పేరు పెట్టి పిలిస్తే మాత్రం తిరిగేవాడు కాదు. ఆకలేస్తే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళి నా చేతినే డోర్ మీద పెట్టేవాడు, నా మొహం వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. మా అత్తమ్మ "మగపోరలకు మాటలు లేటుగనే వస్తయ్, వీళ్ళ నాయిన మూడేండ్లకు మాట్లాడిండు" అన్నారు, అప్పట్లో చూపించుకునే డాక్టరు కూడా మూడేళ్ళ దాకా చూద్దాంలే అన్నారు, సరే అని చూశాం. ఏడాదిన్నర అట్లా పోయింది. ఆటిజం (నలుగురితో కలవడం, మాట, ప్రవర్తన వేరేగా ఎదగడం) అని తేలేసరికి వాడికి మూడేళ్ళు దాటి రెండు నెలలు.

ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. మా అపార్ట్‌మెంట్లో ఎవరికి డౌట్ వచ్చినా నా దగ్గరికే వస్తారు, అక్కా ఒకసారి మావాణ్ణి చూడవా అని. నేను డాక్టర్ని కాదు, చూసి ఉందనో లేదనో చెప్పను, ఎవరూ అలా చెప్పకూడదు కూడా. ఏం గమనించాలో మాత్రం చెప్తా. రోజూ ఫోన్లో చెప్పే ఆ ముక్కలే ఇక్కడ రాస్తున్నా.

అందరూ ముందు అడిగేది ఎన్ని మాటలొచ్చు అని. మాటలు తర్వాత చూద్దాం, ముందు వేలు చూడండి. బాల్కనీలో నిలబెట్టినప్పుడు పైన విమానం వెళ్తుంది, కింద కుక్క అరుస్తుంది, సంక్రాంతి టైమ్‌లో పతంగులు ఎగురుతుంటాయి. మామూలుగా ఏడాదిన్నర పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు, చూపించి వెంటనే మీ మొహం చూస్తారు, నువ్వూ చూశావా అన్నట్టు. ఆ రెండో చూపే అసలు విషయం. బిస్కెట్ కావాలని చూపించడం వేరు, ఊరికే నీతో పంచుకోవాలని చూపించడం వేరు. మావాడు ఏదన్నా కావాలంటే చెయ్యి లాగేవాడు, పంచుకోవడానికి మాత్రం ఎప్పుడూ ఏదీ చూపించలేదు, అది నాకు అప్పుడు తట్టనే లేదు, ఎందుకంటే లేనిది కంటికి కనపడదు కదా, ఉన్నదే కనపడుతుంది.

ఇంట్లో చూడాలంటే ఇట్లా చెయ్యండి. టీవీ, ఫోన్ కట్టేసి, కడుపు నిండి, నిద్ర చాలిన టైమ్‌లో కూర్చోండి. వెనక నుంచి మామూలు గొంతుతో పేరు పిలవండి, చాక్లెట్ అనో పార్క్ అనో కలపొద్దు, పేరొక్కటే. సబ్బు బుడగలు ఊదండి, నాలుగుసార్లు ఊది ఆపేయండి, ఆపి మీరేం మాట్లాడకుండా పదిదాకా మనసులో లెక్కపెట్టుకోండి. ఇంకా కావాలని మీ మొహం చూస్తాడా, డబ్బా మీ చేతికిస్తాడా, లేక డబ్బాతో తనే కుస్తీ పడతాడా, వదిలేసి పోతాడా. టైటు మూత డబ్బాలో బిస్కెట్ పెట్టి ఇచ్చినా అదే తెలుస్తుంది. మొహానికి చున్నీ అడ్డం పెట్టి బూ అంటే నవ్వుతాడా, మళ్ళీ చెయ్యమని చున్నీ లాగుతాడా. తాతకి టాటా చెప్పమంటే, దేవుడికి జేజ పెట్టమంటే చేస్తాడా. ఇదంతా ఒక్కరోజు చూసి తేల్చేయకండి, రెండు వారాల్లో మూడునాలుగుసార్లు చూడండి, జ్వరంగా ఉన్న రోజు అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

వయసు లెక్కలు కూడా చెప్తా. తొమ్మిది నెలలకి పేరు పిలిస్తే చూడాలి. ఏడాదికి బబబ, దదద లాంటి శబ్దాలు, చేతులూపడం లాంటి సైగలు ఉండాలి. 16 నెలలకి ఒక్క మాటా లేకపోయినా, 24 నెలలకి "అమ్మ రా", "పాలు కావాలి" లాగా రెండు మాటలు తనంతట తనే కలపకపోయినా డాక్టర్ దగ్గరికెళ్ళాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి రెండేళ్ళ దాకా డ్యూ డేట్ నుంచి లెక్కేసుకోవాలి. వయసుతో సంబంధం లేనిది ఒకటుంది, వచ్చిన మాటలు పోవడం. నిన్నటిదాకా అత్త, తాత అన్న పిల్ల ఉన్నట్టుండి మానేస్తే, ఇంతకుముందు చేసే టాటా ఆగిపోతే, అది ఏ వయసైనా సరే ఆ వారమే చూపించండి.

మాటలున్నా తేడా ఉండొచ్చు, మన తెలుగులో అది భలే తెలుస్తుంది. "పాలు తాగుతావా?" అని అడిగితే పిల్లాడు "తాగుతా" అనాలి కదా, కొందరు "తాగుతావా" అనే తిరిగి చెప్తారు, ఆకలేసినా తనే వచ్చి "అన్నం తింటావా" అంటారు. మావాడు నాలుగేళ్ళ దాకా అంతే. రెండేళ్ళప్పుడు పిల్లలందరూ కొంచెం అట్లా అనడం మామూలే, మూడు దాటాక కూడా అదే నడుస్తుంటే, ప్రకటనల డైలాగులు పొల్లు పోకుండా చెప్తూ "నీ పేరేంటి" అంటే జవాబు రాకపోతే రాసిపెట్టుకోండి.

ఇంక ఫ్యాన్ వైపే చూడటం, బొమ్మ కారు తిరగేసి చక్రాలు తిప్పడం, చేతులు ఆడించడం, మునివేళ్ళ మీద నడవడం, ఇవి చూసి జనం బెంబేలెత్తిపోతారు. ఒక్కోటి విడిగా చాలామంది పిల్లలు చేస్తారు, దాంతోనే ఏదీ తేలదు. చాలాసేపు చేస్తున్నాడా, ఆపితే తట్టుకోలేకపోతున్నాడా, పైన చెప్పిన పంచుకోవడం కూడా తగ్గిందా, ఈ మూడూ కలిపి చూడాలి. శబ్దాలూ అంతే. మిక్సీ వేస్తే చెవులు మూసుకోవడం, బోనాలప్పుడు డప్పులకి, నిమజ్జనం డీజేకి ఒళ్ళంతా బిగదీసుకుని ఏడవడం, కటింగ్ షాపులో నలుగురు పట్టుకోవాల్సి రావడం, తెల్లగా మెత్తగా ఉన్న అన్నం తప్ప ఏదీ ముట్టకపోవడం. మొండితనం అని రెండు తగిలించే ముందు వాడికి ఆ శబ్దం, ఆ ముట్టుకోవడం నిజంగానే భరించలేనట్టు ఉంటుందేమో ఆలోచించండి.

ముందు చెవి టెస్ట్ చేయించండి. పిలిస్తే పలకని పిల్లాడికి వినికిడి తక్కువేమో తేల్చకుండా మిగతావి మాట్లాడటం దండగ. టీవీ సౌండ్‌కి పరిగెత్తుకొస్తున్నాడు కాబట్టి చెవులు బానే ఉన్నాయి అనుకోవద్దు, కొన్ని శబ్దాలు వినపడి కొన్ని వినపడకపోవచ్చు. ఓఏఈ, బెరా అని టెస్టులుంటాయి, నొప్పి ఉండదు, బెరా పిల్లలు నిద్రపోతున్నప్పుడు చేస్తారు. మేం మూడుసార్లు తిరిగాం, ఇంటి దగ్గర గురక పెట్టినోడు అక్కడికి వెళ్ళగానే కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చునేవాడు.

ఫోన్ వల్లే వచ్చింది అని ఎవరో ఒకరు అంటారు, మా బంధువుల్లో సగం మంది అన్నారు. 2019లో డబ్ల్యూహెచ్‌వో చెప్పింది ఏంటంటే ఏడాది వయసు పిల్లలకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దు, అది అందరికీ మంచిదే, తగ్గించండి. కానీ ఫోన్ మాన్పించి ఆరు నెలలు చూద్దాం అని కూర్చోవద్దు, మాన్పించండి, అదే వారం చూపించండి కూడా. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న గొడవ 1998లో ఒక మెడికల్ జర్నల్‌లో వచ్చిన పేపర్‌తో మొదలైంది, 2010లో ఆ జర్నలే దాన్ని వెనక్కి తీసేసుకుంది, కాబట్టి టీకాలు ఆపకండి. ఇంట్లో తెలుగు, కింద ఆడుకునేటప్పుడు హిందీ, ప్లేస్కూల్లో ఇంగ్లీష్, అందుకే కన్ఫ్యూజ్ అవుతున్నాడు అనేది హైదరాబాద్ స్పెషల్ సాకు, రెండు మూడు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, మీకు బాగా వచ్చిన భాషలోనే పిల్లాడితో మాట్లాడండి. తల్లి ఉద్యోగం చేస్తోంది కాబట్టి అనేవాళ్ళకి నేను జవాబు ఇవ్వడం మానేశా.

కొంచెం పెద్ద పిల్లల సంగతి. ఎల్‌కేజీ పిల్లాడు కుదురుగా కూర్చోవట్లేదని టీచర్ ఫోన్ చేసిందని ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురు లేకపోవడం) అనేసుకోకండి, ఆ వయసుకి కూర్చోకపోవడమే మామూలు. ఆ లక్షణాలు ఆరు నెలలకి పైగా ఉండాలి, ఇంట్లోనూ స్కూల్లోనూ కనీసం రెండు చోట్ల ఉండాలి, 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి, దానివల్ల పిల్లాడికి నిజంగా ఇబ్బంది కావాలి, డాక్టర్లు ఇవన్నీ చూసే తేలుస్తారు. స్కూల్లో మాత్రమే ఉండి ఇంట్లో ఏమీ లేకపోతే అక్కడ ఇంకేదో ఉందేమో వెతకాలి, బోర్డు కనపడట్లేదేమో, ఎవరైనా ఏడిపిస్తున్నారేమో. ఇంకోటి, "కార్టూన్ ముందు రెండు గంటలు కదలకుండా కూర్చుంటాడు కదా, వీడికి ఏకాగ్రత లేకపోవడమేంటి" అంటారు నాన్నలు. నచ్చినదాని ముందు అందరూ కూర్చుంటారు, నచ్చని హోంవర్క్ ముందు పది నిమిషాలు నిలవగలడా, బూట్లేసుకో, బ్యాగ్ తీసుకో, బాటిల్ పెట్టుకో అని మూడు పనులు ఒకేసారి చెప్తే మూడోది గుర్తుంటుందా, అక్కడ చూడండి. ఆడపిల్లల్ని ఎవరూ పట్టించుకోరు ఎందుకంటే వాళ్ళలో చాలామంది పరిగెత్తరు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, నెలకి మూడు పెన్సిల్ బాక్సులు పోగొడతారు, రిపోర్ట్ కార్డ్ మీద మంచి పిల్ల కానీ పరధ్యానం అని రాస్తారు, అంతటితో వదిలేస్తారు.

చదువు దగ్గర తేడా రెండో తరగతి నుంచి బాగా తెలుస్తుంది. పాఠం నోటితో అడిగితే గడగడా చెప్తాడు, రాయమంటే పేజీ ఖాళీ. క, మ, ల అని అక్షరాలు విడివిడిగా చదువుతాడు, కలిపి కమల అనలేడు. గుణింతం వరసగా చెప్తాడు, మధ్యలో "కి" చూపిస్తే తడబడతాడు, ఒత్తులు మాయమైపోతాయి, అమ్మ కాస్తా అమ అవుతుంది. ఇంగ్లీషులో బి, డి తిరగేయడం ఏడేళ్ళ దాకా చాలామంది చేస్తారు, అదొక్కటే పట్టుకుని భయపడొద్దు. ఇంగ్లీష్ మీడియం కదా తెలుగు రాదులే అని తెలుగుని పక్కన పెట్టేయకుండా రెండు భాషల్లోనూ చదివించి చూడండి. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) లాంటివి సాధారణంగా ఏడెనిమిదేళ్ళు వచ్చాకే టెస్ట్ చేసి తేలుస్తారు, అప్పటిదాకా చదవడంలో సాయం చెయ్యొచ్చు, దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇప్పుడు నోట్‌బుక్. నేను చెయ్యక పోగొట్టుకున్నది ఇదే. డాక్టర్ రూమ్‌లో పది నిమిషాలుంటాం, ఆ పది నిమిషాలు పిల్లాడు ఏడుస్తాడు లేదా బుద్ధిమంతుడైపోతాడు. అందుకే రెండు వారాలు తేదీ వేసి రాయండి, ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, ఎలా ఆగింది. "మొండిగా ఉంటాడు" అని రాయకండి, "లిఫ్ట్ బటన్ వేరేవాళ్ళు నొక్కారు, నలభై నిమిషాలు ఏడ్చాడు" అని రాయండి. నిమిషం నిమిషం వీడియోలు నాలుగైదు తీయండి, పిలిచినప్పుడు, ఆడుకునేటప్పుడు, తినేటప్పుడు, వేరే పిల్లలతో ఉన్నప్పుడు. టీచర్‌తో నాలుగు లైన్లు రాయించుకోండి. ఆరు నెలల కిందటి వీడియోలు ఫోన్లో ఉంటాయి కదా, అవీ తీసుకెళ్ళండి, అప్పటికీ ఇప్పటికీ ఏం పెరిగిందో, ఏం పోయిందో అందులోనే ఉంటుంది.

ముందు మీ పిల్లల డాక్టర్‌నే స్క్రీనింగ్ చెయ్యమని పేరు పెట్టి అడగండి. 16 నుంచి 30 నెలల పిల్లలకి ఎంచాట్ అని 20 ప్రశ్నలది ఉంది, దాంట్లో స్కోర్ ఎక్కువొస్తే ఆటిజం అని కాదు, ఇంకా చూడాలి అని. వద్దులే చూద్దాం అంటే మర్యాదగా ఫైల్ తీసుకుని ఇంకొకరి దగ్గరికెళ్ళండి. తేల్చాల్సింది డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియనో, పిల్లల సైకియాట్రిస్టో, క్లినికల్ సైకాలజిస్టో. డబ్బు ఇబ్బంది ఉంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, 1984 నుంచి ఉంది, పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. అదే మనోవికాస్‌నగర్‌లో వినికిడి, మాటల కోసం అలీ యావర్ జంగ్ సంస్థ సెంటర్ కూడా ఉంది. అంగన్‌వాడీ పిల్లలైతే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం) టీమ్ వచ్చినప్పుడు టీచర్‌కి ముందే చెప్పిపెట్టండి, 2013లో మొదలైన ఈ పథకం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా ఉంటుంది, వాళ్ళే జిల్లా సెంటర్‌కి పంపిస్తారు. పొద్దున్నే వెళ్ళండి, పెరుగన్నం డబ్బా, ఒక జత బట్టలు, వాడికిష్టమైన బొమ్మ పెట్టుకోండి, రోజంతా పడుతుంది అనుకునే వెళ్ళండి.

ప్రైవేట్ థెరపీ సెంటర్లు గల్లీకొకటి వచ్చాయి. స్పీచ్ థెరపిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరైనా సరే ఆర్‌సీఐ (ఇలాంటి నిపుణుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, సిగ్గుపడొద్దు, ఇంటి పనిమనిషి ఆధార్ అడుగుతాం కదా. ఏడాది ప్యాకేజీ ముందే కట్టమంటే, తల్లిని లోపలికి రానివ్వకపోతే, ఇన్ని నెలల్లో నార్మల్ చేస్తాం అంటే బయటికి వచ్చేయండి. స్టెమ్ సెల్ (మూలకణాలు ఎక్కించే) చికిత్స అని లక్షలు అడుగుతారు, ఆటిజానికి అది సిఫార్సు చెయ్యట్లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. నేను ఒక చోట అరవై వేలు పోగొట్టుకున్నా, పేరెందుకులే.

వైకల్య సర్టిఫికెట్ గురించి తర్వాత ఆలోచించొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం, చదువు ఇబ్బందులు రెండూ ఉన్నాయి. యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు) తీసుకుంటే పథకాలకి పనికొస్తుంది, ఆటిజం పిల్లలకి నిరామయ అనే కేంద్ర పథకం కింద లక్ష దాకా ఆరోగ్య బీమా ఉంది, సీబీఎస్ఈ పరీక్షల్లో అర్హత ఉన్నవాళ్ళకి గంటకి 20 నిమిషాలు ఎక్కువిస్తారు. కార్డు చూపిస్తే పెళ్ళి సంబంధాలు రావు అని మూడేళ్ళ పిల్లాడి గురించి అన్నవాళ్ళని కూడా చూశా.

సమస్య ఫలానా అని తేలేదాకా ఆగకుండా స్పీచ్ థెరపీ మొదలుపెట్టొచ్చు, అవసరం లేదని తేలితే ఆపేస్తారు, నష్టం లేదు. అపాయింట్‌మెంట్ దొరకడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది, ఈలోపు ఇంట్లో నేలమీద వాడి ఎదురుగా, వాడి కళ్ళ ఎత్తులో కూర్చోండి. వాడు కారు చక్రం తిప్పుతుంటే లాక్కోకుండా మీరూ ఇంకో కారు తెచ్చుకుని తిప్పండి. అడిగింది వెంటనే చేతిలో పెట్టేయకుండా మీ మొహం దగ్గర పట్టుకుని పది లెక్కపెట్టండి, చూసినా, ఊ అన్నా, చెయ్యి చాపినా ఇచ్చేయండి. పొడుగు వాక్యాలు వద్దు, "బాల్", "బాల్ ఇవ్వు", అంతే. మొదటి వారం వాడు మీ మొహమే చూడకపోవచ్చు, మావాడికి పదకొండు రోజులు పట్టింది.