‘జు ద పిస్త్’ని తెలుగులో ఏమనాలి: నా అనుభవం

ఆధారాలు చదువుకుంటూ ఊరంతా నడిచి తిరిగే ఫ్రెంచ్ ఆట ఉంది కదా, ‘జు ద పిస్త్’, దానికి తెలుగు పేరేంటని చాలామంది అడుగుతున్నారు. తిరుపతిలో పిల్లల కోసం అలాంటిదే తయారుచేస్తుంటే నా పనీ పేరు దగ్గరే ఆగిపోయింది. నిధి వేట అంటే చివర్లో బహుమతేదని అడుగుతారు, పొడుపుకథల ఆట అంటే కూర్చుని ఆడేదనుకుంటారు, ట్రెజర్ హంట్ అని వదిలేస్తే అమ్మమ్మలకు అర్థం కాదు.

పనిచేసింది ఇదీ. ముందు పేరు పక్కనపెట్టి ఆటలో ఒక మెట్టు పూర్తిగా తెలుగులో రాశాను: ‘గోవిందరాజస్వామి గుడి పెద్ద గాలిగోపురానికి అంతస్తులెన్నో లెక్కపెట్టు, ఆ నంబరు చీటీ విప్పు’. 7 అని తేలితే ఆ చీటీ కపిలతీర్థం వైపు పంపుతుంది. తర్వాత అందులో ఆడేవాళ్ళు చేసే పనులన్నీ వరసగా రాసుకున్నా: వెతకడం, లెక్కపెట్టడం, పోల్చుకోవడం, నడవడం. ‘పిస్త్’ అంటే వెళ్ళినవాళ్ళు వదిలిన జాడ, దాన్ని బట్టి సాగే దారి కూడా. మనకు ‘జాడ పట్టడం’ ఉండనే ఉంది, అందులో వెతకడమూ ఉంది, వెంట వెళ్ళడమూ ఉంది. అలా ‘జాడ పట్టే ఆట’ అయింది. చివరగా, ఏమీ వివరించకుండా పక్కింటి అక్కకు పేరొక్కటే చెప్పి ఏం చేస్తారనుకుంటున్నావని అడిగితే, “ఏదో గుర్తు చూసుకుని ఇంకోచోటికి పోవాల కదా” అంది. ఆ మాట విన్నాకే టెన్షన్ పోయింది!

పేరు కింద ‘తిరుపతి వీధుల్లో’ అని కూడా పెట్టండి, లేకపోతే దొంగను పట్టే ఆటనుకోవచ్చు. చంద్రగిరి కోటలో ఆడించినా ‘జాడ పట్టే ఆట’ అన్న పేరే సరిపోతుందనిపిస్తోంది కానీ, బండ్ల మీద తిరిగేవాటికీ ఒకే గదిలో ఆడేవాటికీ కుదురుతుందని మాత్రం చెప్పలేను.