మెస్సులో లెక్కలు తేల్చుకున్న తీరు

బెంగళూరు మారతహళ్ళి వైపు చిన్న ఆంధ్రా మెస్సుల్లో గొడవ జీతం దగ్గర రాదు, జీతంలో కోత దగ్గర వస్తుంది. కర్నూలు, అనంతపురం కుర్రాళ్లు పండక్కి ఊరెళ్తూ అడ్వాన్సు తీసుకుంటారు. ఓనరు ఫోన్‌లో రాసుకుంటాడు. నెలాఖరుకి ఇద్దరి లెక్కలూ కలవవు.

మెస్సు ఓనరుగా నాకు పనిచేసింది ఇది: ఒక్కొక్కరికి రెండు పద్దు పుస్తకాలు, ఒకటి వాళ్ల దగ్గరే. అడ్వాన్సు ఇచ్చినప్పుడే రెండింట్లోనూ తేదీ, మొత్తం, నెలకెంత పట్టుకోవాలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. 6,000 తీసుకుంటే 1,500 చొప్పున నాలుగు నెలలు. ఒకేసారి పట్టుకుంటే ఇంటికి పంపడానికి డబ్బుండదు, వారం తిరక్కుండా మళ్లీ అడ్వాన్సు అడుగుతారు.

ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కోత జీతం చీటీలో విడిగా ఉండాలి. 15,000 జీతానికి వాళ్ల వాటా 0.75 శాతం, అంటే 113 రూపాయలు. మన వాటా 3.25 శాతం, 488. మనదీ రాస్తేనే "ఓనరు మింగేస్తున్నాడు" అన్న గుసగుస ఆగుతుంది. ఈఎస్ఐ నంబరు కూడా వాళ్ల చేతికివ్వాలి, ఆస్పత్రిలో అడిగేది అదే.

గల్లాపెట్టెను షిఫ్టు దిగేవాడు, ఎక్కేవాడు ఇద్దరూ ఉండగా లెక్కపెట్టాలి. యూపీఐ వేరు, నగదు వేరు. ఓనరు కూరగాయలకని తీసిన వందకీ చీటీ పడాల్సిందే. మనకి కష్టమనిపించేదీ, తేడా ఎక్కువగా వచ్చేదీ అక్కడే.

జీతానికి చట్టం గడువు వచ్చే నెల 7వ తేదీ. మేం 5నే వేస్తాం. పగిలిన గ్లాసులకి కోత పూర్తిగా ఎత్తేశాం.